మాట రాని ప్రార్థన

మదనపల్లె టమాటా మార్కెట్లో కూలి చేసే మారెమ్మ, పాస్టర్ యువరాజ్ ఇంటికి వచ్చింది.

“పక్కింటి పాప ఆస్పత్రిలో ఉండాది, అయ్యగారూ. వచ్చి ప్రార్థన చెయ్యండి.”

యువరాజ్ తల దించుకున్నాడు. “నేనింక ఎవరికీ ప్రార్థన చెయ్యనమ్మా. నీ కొడుకు బతుకుతాడని అందరి ముందూ గట్టిగా చెప్పినాను. వాడు పోయినాడు. మళ్లీ నన్నే యాల పిలుస్తాండావు?”



“ఆ పొద్దు వాని వెనకే నేనూ చచ్చిపోదామనుకొంటిని. మీరు ఒక్క మాటా పలకలేక, వాని కాళ్లు పట్టుకొని ఏడ్చినారు. దేవుడు కూడా నాతోపాటు ఏడుస్తాండాడని అప్పుడు తెలిసింది. అందుకే ఈ పొద్దు బతికుండాను.”

యువరాజ్ గడపలోనే మోకరించాడు.

“పాప దగ్గరికి పోదాం. ముందు నాకోసం నువ్వు ప్రార్థన చెయ్యమ్మా.”