నలభై మంది బెల్లం రైతులు

"దొంగ వెధవ! నా పట్టిక మొత్తం ఎత్తేశాడు!" అంటూ లెక్చరర్ హనోకు లాప్‌టాప్ ముందు ఎగిరిపడ్డాడు. అచ్చు వేయొచ్చో లేదో చెప్పమని ఒక పరిశోధన పత్రిక అతనికి పంపిన వ్యాసంలో, అతని థీసిస్‌లోని కొండకర్ల ఊరి నలభై మంది బెల్లం రైతుల సర్వే అంకె పొల్లుపోకుండా ఉంది.

'ఈ పట్టిక తయారు చేసినవాడు దొంగ' అని రిపోర్టులో టైపు చేశాడు.

"అంత కోపం ఎందుకండీ?" అంది భార్య ఫెబా. "ఆయన కూడా ఆ నలభై మందినే అడిగేడేమో."

"ఎలా అడుగుతాడే? ఆ నలభై మందీ అసలు ఉంటేగా!"

అన్నాక గానీ ఏమన్నాడో హనోకుకి తెలియలేదు.

"మరి సర్వేకని వారం రోజులు నాచేత కేరేజీ కట్టించుకున్నారు. ఏటి చేసేరు?"

"స్టాఫ్ రూములో తిన్నాను."

"మరి అంకెలు?"

"తిన్నాక వేసేను."

ఫెబా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తెర మీద ఆ వాక్యం కింద, పేరు రాయమని ఖాళీ గడి ఉంది. వాక్యాన్ని చెరపబోయి హనోకు ఆగిపోయాడు. తర్వాత గడిలో తన పేరు రాశాడు.

పదేళ్ళ పరిశోధనలో ఆధారంతో సహా అతను రాసిన మొదటి నిజం అదే.