బావ తుపాకీ

"అందరితో పాటు వరసలో కూర్చోవడమేంటమ్మా? ఇంటికి రావచ్చుగా" అన్నాడు నగర పోలీసు కమిషనర్, ఫిర్యాదుదారుల్లోంచి లేచి వచ్చిన చెల్లెల్ని చూసి.

"పోయిన నెల ఇంటికే వచ్చానన్నయ్యా. ఆయన తాగితే తుపాకీ తీస్తున్నారని చెప్పాను. ఇంటి గుట్టు వీధికెక్కించకు, సర్దుకుపో అన్నావు."

"బావ ఉత్తుత్తినే బెదిరిస్తాడు. పిట్టని కూడా కొట్టలేడు."

"నిన్న కాల్చారు, గది తలుపు మీద. వెనకాల పాప ఉంది."

కమిషనర్ కుర్చీలోంచి లేచాడు.

"తగల్లేదులే. కానీ అప్పట్నుంచీ అది మాట్లాడటం లేదు."

ఆ తుపాకీకి లైసెన్సు ఇచ్చింది తనే. బావ మాట కాదనలేక, విచారణ కూడా జరిపించకుండా సంతకం పెట్టాడు. ఇప్పుడు గంట కొట్టి, లోపలికి వచ్చిన అధికారితో లైసెన్సు రద్దు చేసి, తుపాకీ స్వాధీనం చేసుకుని, కేసు పెట్టమన్నాడు.

అధికారి వెళ్లాక చెల్లెలు నెమ్మదిగా అడిగింది. "ఇంతేనా? దీనికి కోర్టు చుట్టూ తిరగాలేమో అనుకున్నాను."

"అక్కర్లేదమ్మా. నేను చెబితే చాలు."

"పోయిన నెల కూడా సరిపోయేదా?"

ఎందరో నేరస్తుల్ని నిలదీసిన మనిషి తల దించుకున్నాడు.

"సరిపోయేదమ్మా" అన్నాడు.