అమ్మ సీసా

"అట్లయితే పాపకు జ్వరం నా చేతిలో నుంచే వచ్చిందా మేడమ్?" అంది లోహిత.

మహిత తలూపింది. ఆమె తిరుపతిలో క్రిముల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. లోహిత కూతురికి టైఫాయిడ్ తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంటే, అది ఎక్కడి నుంచి వస్తోందో తేల్చాలని రేణిగుంటలో ఆ వీధంతా తిరిగింది. ఇంటింటికీ మల పరీక్ష సీసాలు ఇచ్చి, నిండినవి పోగుచేసుకుపోయింది. ఫలితం చెప్పడానికి ఈరోజు వచ్చింది.

"నాకు జ్వరమే రాలేదే!"

"కొందరికి రాదక్కా. క్రిమి కడుపులో ఊరికే ఉంటుంది. వాళ్ళు అన్నం కలిపి పెడితే, చేతిలో నుంచి తిన్నవాళ్ళకు పోతుంది."

మహిత కాగితం పరిచింది. దాని మీద నిచ్చెన మెట్ల మాదిరి నల్లటి గీతలు.

"క్రిములకూ వంశాలుంటాయి. ఒక వంశమైతే గీతలు ఒకే మాదిరి పడతాయి. వీధిలో వాళ్ళ క్రిములు ఒక్కటీ పాప క్రిమితో కలవలేదు. నీ సీసాలోవి మాత్రం, సూడక్కా, అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. మీ అత్త సీసాలో అసలు క్రిమే లేదు."

"తప్పు పడుండదా?" అన్నాడు లోహిత భర్త మునికుమార్.

"ఈ గీతలు చదవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానన్నా. అందుకే మా ధనంజయ సారుకు చూపించినా. బాగా చదివినావన్నాడు."

"సీసాలు మారినాయేమో మేడమ్?" ఆశగా అడిగింది లోహిత.

"మారలేదక్కా" అంది మహిత గట్టిగా. సీసాలు తీసుకుపోయిన రోజు పెద్దవాళ్ళంతా నీళ్ళ ట్యాంకరు దగ్గరుంటే, గడప మీదున్న అత్తాకోడళ్ళ సీసాలు రెండిట్లో అమ్మది ఏదో పాపే వేలుపెట్టి చూపించింది. అప్పుడే మహిత చీటీలు అంటించేసింది.

గుమ్మంలో నిలబడి వింటున్న అత్త శకుంతలమ్మ లోపలికొచ్చింది.

"నీ పెద్ద కొడుకును మింగితివి, ఇప్పుడు దీన్ని గూడా మింగుతావా? లోహితా, సంచి సర్దుకో. పుత్తూరుకు పో, మీ నాయన దగ్గరికి."

"పాపను ఇడిసిపెట్టి ఎట్ల బతికేది అత్తా?"

"నేను ఇంట్లో నుంచి పంపమనలేదవ్వా" మహిత కంగారుపడింది. "మందులు వాడితే పోతుంది. అంతవరకు అక్క తినిపించకుంటే చాలు."

"నువ్వు గీతలు సూసుకో తల్లీ. నా ఇల్లు నేను సూసుకుంటా."

"అసలు నేనెప్పుడు తినిపించినానని..." అనబోయింది లోహిత.

"లోహితా, నోరు ముయ్యి!" అరిచాడు మునికుమార్. "అమ్మా, నువ్వు ఊరుకో. బస్టాండులో దింపేసొస్తా."

లోహిత చాప మీద నిద్రపోతున్న పాప మీదికి వంగింది. ముట్టుకోబోయి, తన చేతులు చూసుకుంది. రెండు చేతులూ కొంగులో చుట్టేసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళి స్కూటరెక్కింది.

ఆ చప్పుడుకు పాప లేచి కూర్చుంది. శకుంతలమ్మ గిన్నెలో చారన్నం తెచ్చి, కళ్ళొత్తుకుంటూనే చేత్తో మెత్తగా పిసికింది.

మహిత కాగితం మడిచింది. తన చదువు ఒక తల్లినీ బిడ్డనూ విడదీసింది. పాప ఇప్పుడు గుక్కపట్టి ఏడుస్తుంది, ఏం చెప్పాలి? పక్కన కూర్చుని తల నిమిరింది.

"ఏడవొద్దమ్మా. మీ అమ్మ బస్సెక్కి ఊరికి పోయింది. బిన్నా వచ్చేస్తుంది."

పాప వింతగా చూసింది. లేచి పోయి శకుంతలమ్మ ఒళ్ళో కూర్చుంది.

"పోయింది లోహిత గదా! మా అమ్మ ఈడే ఉండాది" అని, ఆరోజు సీసాను చూపించినట్టే శకుంతలమ్మను వేలుపెట్టి చూపించి, ముద్ద కోసం నోరు తెరిచింది.