మిషను చెప్పిన అడుగులు

"అవ్వా, ఈ వారం నాలుగు వేల అడుగులు నడిచినావు. ఇంక నీకు ఈ మిషను అక్కరలేదు. రేపు తీసుకుపోతాను," అంది దేవిప్రియ, ఫోనులో చూస్తూ.

సౌభాగ్యం మిషనును రెండు చేతులా పట్టుకుంది. మోకాలు మార్చే ఆపరేషనై నెలన్నర. నడక నేర్పడానికి ధర్మపురి నుంచి వచ్చే ఈ పిల్ల తెచ్చి కట్టిన రోబో మిషను, తొడనీ పిక్కనీ పట్టుకుని తనే కాలెత్తేది, తనే దించేది. అది లేకుండా సౌభాగ్యం ఇంకా వాకిలి కూడా దాటలేదు.

"నూరడుగులకే నాకు చెమటలు పడతాయి పాపా. నాలుగు వేలెక్కడివి?"

"మిషను అబద్ధం చెప్పదవ్వా. దినామూ మధ్యాహ్నం రెండు గంటలకు నడిచినట్టుండాది."

ఆ వేళకు సౌభాగ్యం మిషను విప్పి పక్కన పెట్టి, ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంది.

దేవిప్రియ వెళ్లగానే ఆమె చూపు కోడలు జయప్రియ మీదికి పోయింది. ఆయుధపూజకు ట్రాక్టరుకు పెట్టినట్టే, పొద్దున్నే స్నానం చేసి మిషను మోకాలికి తడి కుంకుమ బొట్టు పెట్టేది సౌభాగ్యం. నిద్ర లేచేసరికి అది చెరిగిపోయి ఉండేది. "కరెంటు సామానుకు తడి తగలకూడదత్తా," అని మొదటిరోజే గొణిగింది జయప్రియ. తుడుస్తోందిలే అనుకుని ఊరుకుంది ఇన్నాళ్లూ.

"నన్ను బిరీన పొయ్యికాడికి తోలాలని నువ్వే కట్టుకుని నడిచినావు కదే?"

"సత్తెంగా నేను తాకలేదత్తా."

"కూతురి మాదిరి చూసుకుంటినే నిన్ను. ఇంట్లో ఇంకెవరుండారు? మీ మామ తిన్నె మీద నుంచి లేచేది అన్నానికే."

తిన్నె మీద మొగుడు వెంకటసామి మొహం వీధివైపు తిప్పుకున్నాడు. దాంతో ఆమెకు ఇంకా మండింది. డాక్టరు ఇద్దరి మోకాళ్లూ మార్చాలన్ననాడు, "ఇద్దరమూ మంచమెక్కితే ఎనుములకు కుడితి పెట్టేదెవరు? నాకేమి, గుండ్రాయి మాదిరుండాను. ముందు దానికి చెయ్యండి," అన్న మనిషే కదా. ఇప్పుడు పెండ్లానికి ఇంత ద్రోహం జరిగితే వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

జయప్రియ కళ్లు తుడుచుకుంది. ఉతకడానికి కట్టిన బట్టల మూట విప్పి, మామ పంచె తీసి, అత్త ఒడిలో పరిచింది.

లోపలివైపు, సరిగ్గా మోకాలి దగ్గర, కుంకుమ.