వెనక్కి చూసే చిలుక

“నోరు మూస్తవా, బైటికి పంపియ్యాల్నా?”

మ్యాట్నీ మొదలైనప్పటి నుంచి సత్తయ్య అలా అరవడం అది నాలుగోసారి.

తెర కిందనే కూర్చున్న ముసలాయనకు అదేం పట్టలేదు. మాసిన గుడ్డను భుజం మీద సర్దుకున్నాడు.

“తండ్రి సచ్చిపోతుంటె గన్ని వయొలిన్లు ఎందుకు బిడ్డా? ఒక్కటి సాలు. ఏడ్సేటోళ్లకు జర సందియ్యాలె గద.”

పాట వచ్చింది.

“గొంతు మంచిగుంది. మాటే తెలుస్తలేదు.”

ఫైటింగు వచ్చింది.

“ఆదివారం టీవీల గూడ గిట్లనే. బాణాలు బాణాలు కొట్టుకుంటయి, మనిషి మొకం సూపియ్యరు.”

సత్తయ్యకు ఒళ్లు మండింది. గద్వాలలో తన హీరో సినిమాకు అది మొదటి ఆట. పొద్దున్నే మగ్గం దిగి కటౌటుకు దండ వేసి వచ్చాడు. సినిమా అయినా, పాటయినా, టీవీ అయినా ఆ హాల్లో తీర్పు చెప్పే హక్కు తన ఒక్కడిదేనని అతడి నమ్మకం.

“ఏడుపు గురించి నీకేం తెల్సు? ఎన్కట ఊరి నడుమ రాత్రంత ఆడే బయలాటల రాణి ఏడిస్తె ఊరు ఊరే ఏడ్సేదంట. ఏటా జాతరకు ఆమెకు మా నాయననే చీర నేసిచ్చేది. కొంగుల చిలుకలన్నీ ముంగటికి సూస్తయి, ఆఖరుది ఒక్కటే ఎనక్కి సూస్తది. రాణి మల్లొచ్చే ఏడు గూడ రావాలెనని. గసొంటి చీర ఇంకెవ్వరికీ నెయ్యలే!”

ముసలాయన మొదటిసారి తిరిగి చూశాడు.

“మీ నాయన పేరేంది?”

“అనంతయ్య. ఆయన ముంగట మాట్లాడాలె గిట్ల!”

ముసలాయన ఇంటర్వెల్ దాకా భుజం మీది గుడ్డనే తడుముకుంటూ కూర్చున్నాడు. గెలిచానని సత్తయ్య మీసం దువ్వుకున్నాడు.

ఆ రోజుల్లో వనపర్తికీ గద్వాలకూ కలిపి ఒకటే ప్రింటు. అక్కడ ముందుగా ఆడిన రీళ్లు డబ్బాల్లో బస్సెక్కి వస్తేనే ఇక్కడ రెండో సగం.

ఇంటర్వెల్ అయింది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. రీళ్లు రాలేదు.

“బస్సు బీచుపల్లి కాడ ఖరాబైందంట. జర ఓపిక పట్టుండ్రి,” అన్నాడు గేటు దగ్గరుండే మాసయ్య.

ముందు ఈలలు. తర్వాత తెర మీదికి చెప్పులు. తర్వాత కుర్చీలు విరిగాయి.

“రీళ్లు లోపల దాసిండ్రు!” అని ఎవడో అరిచాడు.

అంతే. జనం ఆపరేటర్ గది మీద పడ్డారు. మాసయ్య తలుపుకు అడ్డం నిలబడితే చొక్కా చింపి పక్కకు నెట్టారు. సత్తయ్య అందరికంటే ముందుండి తలుపును తన్నాడు.

“నా తాన లేవు! దేవుని మీద ఒట్టు!” లోపలి నుంచి ఆపరేటర్ యేసయ్య అరిచాడు.

ఆ గదికి ఇంకో దారి లేదు. తలుపు పై మడతబందు ఊడింది. జనం చేతికి దొరికితే యేసయ్య మిగలడు.

“కొడకా!”

తెర దగ్గర ఎవరో తల్లి కేక.

అందరూ తిరిగి చూశారు. అక్కడ ఆడమనిషి లేదు. ముసలాయన భుజం మీది గుడ్డను తల మీద కప్పుకుని నిలబడి ఉన్నాడు.

“పొద్దుగాల్నుంచి వాకిట్ల కూసొని నీకోసం సూస్తున్న కొడకా. గా తలుపు కాడ నీకేం పని? ఇటు రా.”

సత్తయ్య ఎత్తిన కాలు దానంతట అదే దిగింది.

ముసలాయన సినిమాను ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి అందుకున్నాడు. గుడ్డ నెత్తిన కప్పితే తల్లి, నడుముకు చుడితే కొడుకు, భుజాన వేస్తే దొర. జనం ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. కుర్చీలు విరిగినవాళ్లు నేల మీద కూర్చున్నారు. ముప్పావుగంట హాల్లో దగ్గు కూడా వినబడలేదు. సత్తయ్య రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు.

బయట బస్సు హారన్ మోగింది.

“డబ్బాలొచ్చినయ్!”

లైట్లు ఆరాయి. ఈలలు మిన్నంటాయి.

“జరుగు తాతా, బొమ్మ పడ్తది!”

“తల్లి ఇంక కొడుకును సూడలే బిడ్డా. ఒక్క మాట మిగిలింది.”

“నీ మాట ఎవనికి కావాలె?”

సత్తయ్యే ముసలాయన మెడ పట్టి పక్క తలుపులోంచి బయటికి గెంటాడు. గుడ్డ జారి గడప దగ్గర పడిపోయింది.

తెర మీద తల్లి కొడుకును చూసింది. బోలెడు వయొలిన్లు మోగాయి. సత్తయ్య కళ్లు తడవలేదు. ఆ మిగిలిన మాట ఏమై ఉంటుందా అనే ఆలోచనే అతణ్ని పీకుతోంది.

ఆట వదలగానే మాసయ్యను పట్టుకున్నాడు.

“గా తాత ఈ సినిమ ఏడ సూసిండు?”

“ఏడ సూస్తడు? ఇయ్యాలనే గద మొదటాట. సొంతంగ అల్లి చెప్పిండు. యేసయ్య పానం కాపాడిండు.”

“ఏ ఊరాయనది?”

“తెల్వదు. బైట పడ్డంక నా తానకొచ్చి, ఇరవై ఏండ్లకు గద్వాల వచ్చిన అన్నడు. నేసే అనంతయ్య ఇల్లు ఏడ అని అడిగిండు. ఆయన పోయి మూడేండ్లాయె అన్న. గది ఇని, పోయి బస్సెక్కిండు.”

సత్తయ్యకు గడప దగ్గర పడిపోయిన గుడ్డ గుర్తొచ్చింది.

పక్క తలుపు దగ్గరికి పరుగెత్తాడు. జనం తొక్కిపోయిన గుడ్డను తీసి దులిపాడు. సాయంత్రపు వెలుగులో పట్టు తళుక్కుమంది. అది చిరిగిన పాత చీర కొంగు.

చిలుకల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూశాడు. అన్నీ ముందుకే చూస్తున్నాయి.

ఆఖరి చిలుక మాత్రం వెనక్కి చూస్తోంది. నాయన ఏటేటా చీర నేసిచ్చిన ఆ రాణి వేషగాణ్ని సత్తయ్య తన చేత్తోనే బయటికి గెంటాడు.