పాత తుపాకుల బల్ల

"ఇక్కణ్ణుంచి కదులుతావా లేదా, పెద్దాయనా?" అంది రోండా, నడుం మీద చేతులు పెట్టుకుని.

"కదలను," అన్నాడు డెల్మర్. "ముప్ఫై ఏళ్లుగా ఈ గుమ్మం పక్కనే నా బల్ల. మీ నాన్న ఈ తుపాకుల సంత మొదలుపెట్టిన రోజున వేలు పెట్టి చూపించిన చోటు."

"మా నాన్న రోజుల్లో ఈ హాలు నిండా నీలాంటివాళ్లే. ఇప్పుడెంతమంది ఉన్నారో లెక్కపెట్టు."

లెక్కపెట్టడానికి ఏముంది? ఒక్కడే. ఓహాయోలోని ఆ రేకుల హాల్లో ఎటు చూసినా నల్ల ప్లాస్టిక్ తుపాకులు, తూటాల పెట్టెలు. మధ్యలో కొవ్వొత్తులు, ఫోన్ తొడుగులు, ఎండుమాంసం పొట్లాలు. నూరేళ్లు దాటిన తుపాకులున్న బల్ల డెల్మర్‌ది మాత్రమే.

"ఎండుమాంసం అతను ఈ చోటు అడుగుతున్నాడు. నువ్వు వెనక్కి, మరుగుదొడ్ల పక్కకి వెళ్లు. పోయిన మూడు సంతల్లో ఒక్కటైనా అమ్మావా?"

"నేను అమ్మడానికి వస్తున్నానా?"

"మరెందుకొస్తున్నావ్?"

డెల్మర్ తుపాకుల్ని ఒక్కొక్కటే పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. చివరికి పెట్టె ఒక కొస రోండాయే ఎత్తింది. రెండో కొస అతను పట్టుకున్నాడు.

"కోపం తెచ్చుకోకు," అంది దారిలో. "వచ్చే ఏడాది నుంచి పాతవాటికి బల్లలే ఇవ్వొద్దనుకుంటున్నాం. నీకు ముందే చెప్తున్నా."

డెల్మర్ ఆ వెనక బల్ల దగ్గర పెట్టె దింపాడు. ఎర్రగుడ్డ పరిచి, తుపాకుల్ని ఒక్కొక్కటే తుడిచి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డికి వెళ్లేవాళ్లు తప్ప ఎవరూ అటు రాలేదు. ఒకడు కాఫీ కప్పు ఎర్రగుడ్డ మీద పెట్టేసి లోపలికి వెళ్లాడు. ఇంకొకడు రైఫిల్‌ని వేలితో మీటి, "దీనికి లేజర్ దీపం బిగించొచ్చా?" అన్నాడు.

"బిగించొచ్చు. ముందు నీ తలకి బిగించుకో, దారి కనిపిస్తుంది," అన్నాడు డెల్మర్.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. యాభై ఏళ్లుంటాయి. బూడిదరంగు కోటు, నున్నగా గీసిన గడ్డం. బల్ల ముందు చాలాసేపు నిలబడి, ఓ చిన్న పిస్తోలు చూపించాడు.

"ఇది ఎప్పటిదండీ?"

ఆ 'అండీ' వినగానే డెల్మర్ ప్రాణం లేచొచ్చింది. "కూర్చోండి, కూర్చోండి" అంటూ మడతకుర్చీ వేశాడు. అది నూట డెబ్భై ఏళ్లనాటిదని, పడవ నడిపే ఓ మనిషి చేయించుకున్నాడని, పిడి లోపల చేసినవాడి పేరు సూదిమొనతో గీసి ఉందని చెప్పాడు. పిడి విప్పి భూతద్దం అందించాడు. ఆ మనిషి వంగి, పేరులో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఫోన్ వంక చూడలేదు. ఆవులించలేదు. ఏళ్ల తరబడి చెప్పాలని దాచుకున్నదంతా డెల్మర్ ముప్పావు గంటలో చెప్పేశాడు.

"ఆ పడవాయన ఎలా పోయాడో తెలుసా?" అని అడిగాడు ఆ మనిషి.

"ఎనభై రెండేళ్లకి, నిద్రలో."

"అదృష్టవంతుడు." ఆ మనిషి పిస్తోలుని చేతిలో తిప్పి చూసి, "ఇది ఇప్పటికీ పేలుతుందా?" అన్నాడు.

"పేలుతుందా ఏమిటండీ! పోయిన నెలలో మా దొడ్లో నేనే పేల్చాను. గడియారంలా పనిచేస్తుంది."

"నాకిస్తారా?"

డెల్మర్ పిస్తోలుని మెత్తటి గుడ్డలో చుట్టాడు. ఇన్నాళ్లకి విలువ తెలిసిన చెయ్యి దొరికింది. సగం ధరకే ఇచ్చాడు. చిన్న డబ్బాడు తుపాకిమందు, నాలుగు సీసపు గుళ్లు ఊరికే ఇచ్చాడు.

"ఆ ముందు బల్లల దగ్గరలా ఫారాలు నింపడాలూ, ఆరాలు తీయడాలూ నా దగ్గర ఉండవు," అన్నాడు నవ్వుతూ. "ఇంత పాతవి చట్టానికి తుపాకుల కిందే లెక్క కాదు."

"తెలుసండీ," అన్నాడు ఆ మనిషి. వెళ్లబోతూ డెల్మర్ చేతిని రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. "ఈమధ్య ఎవరూ నాతో ఇంతసేపు మాట్లాడలేదు. ఉంటానండీ."

అతను అటు వెళ్లాడో లేదో, డెల్మర్ కుర్రాడిలా రోండా దగ్గరికి నడిచాడు.

"అమ్మాను!"

"ఏమిటి, నువ్వే?"

"అమ్మడం కాదు, అమ్మాయ్. విన్నాడు! మొత్తం విన్నాడు!"

అతని కళ్లలో తడి చూసి రోండా తల తిప్పుకుంది. "సరే, సరే. వచ్చే ఏడాది నీ బల్ల గుమ్మం పక్కనే వేస్తాలే. ఎండుమాంసం అతనికి ఏదో ఒకటి చెప్పుకుంటా."

డెల్మర్ తిరిగి వచ్చేసరికి బల్ల దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పరుగెత్తుకొచ్చినట్టు రొప్పుతోంది. చేతిలో ఫోను, అందులో ఫొటో.

"ఈయన ఇటు వచ్చారా?"

ఫొటోలో అదే మనిషి, అదే బూడిదరంగు కోటు. డెల్మర్ ముఖం వెలిగిపోయింది.

"మీవారా? రత్నంలాంటి మనిషమ్మా! ఇప్పుడే నా దగ్గర పిస్తోలు కొనుక్కుని వెళ్లారు."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

"బతకాలని లేదంటున్నారండీ ఆయన. పొద్దుటే వచ్చి ప్రతి బల్ల దగ్గరా ఈ ఫొటో చూపించి, ఏమడిగినా అమ్మొద్దని కాళ్లావేళ్లా పడ్డాను... మీవన్నీ పాతవే కదా, పేలవులే అని, మీకొక్కరికే చెప్పలేదు."