దేశం గడి

“ఇండియాలోనే ఉన్నాడని మీ కాయితమే సెప్తంది కదా బాబూ! మరి ఇంటికేటి రాడు?”

సన్యాసమ్మ అరచేత్తో కౌంటరు మీద కొట్టింది. వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లు మాటలాపేశారు. శాంతకుమార్ నెలవారీ జాబితా దగ్గరికి లాక్కుని ఆమె భర్త పేరు మీద వేలు పెట్టాడు. ఆదిబాబు, వెల్డర్. ఎదురుగా రెండక్షరాలు: ఐఎన్.

“అవునమ్మా, ఐఎన్ అంటే ఇండియానే. మూడు నెలల నుంచీ అదే వస్తోంది.”

“మూణ్నెల్ల నుంచీ రోజూ టాటానగర్ టేసన్‌కెల్లి బొంబాయి బండి సూత్తన్నాను. దిగినోళ్లందరి మొకాలూ సూత్తన్నాను. ఏడీ?”

టాటానగర్ సాక్చీ బజారులోని ఆ కాంట్రాక్టు ఆఫీసు ఇరాక్ పనులకు మనుషుల్ని పంపేది. అక్కడ యుద్ధం ముదిరాక కొందర్ని కువైట్‌కీ, కొందర్ని జోర్డాన్‌కీ మార్చింది. కొందర్ని వెనక్కి పంపేసింది. ఎవరెక్కడున్నారో తెలియక ఇంటివాళ్లు గుమ్మంలో పడిగాపులు పడుతుంటే, అద్దెకో కంప్యూటర్ తెచ్చి శాంతకుమార్‌కు అప్పగించింది. సైటు గుమస్తా పంపే కాగితంలో మనిషి పేరు, అతను ఉన్న దేశం, అడ్రసు ఉంటాయి. పంచింగు గదిలో పనిచేసే మార్తా ఆ పేరునీ, దేశాన్నీ కార్డు మీద పంచ్ చేస్తుంది. శాంతకుమార్ రాసిన ప్రోగ్రాము ఆ దేశం పేరును పట్టికలో వెతికి, రెండక్షరాల కోడుగా మార్చి, జాబితా అచ్చేస్తుంది.

మొదట్లో ఆ ప్రోగ్రాము అతణ్ణి ముప్పుతిప్పలు పెట్టింది. తిరుగు ప్రయాణం కట్టినవాళ్లను ‘ఏ దేశం’ అని గుమస్తా అడిగితే ఒకడు టెక్కలి అనేవాడు, ఒకడు ఛప్రా అనేవాడు. మనవాళ్లకు దేశమంటే సొంతూరే కదా! గుమస్తా కూడా అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు రాసి పంపేవాడు. పట్టికలో టెక్కలి ఎక్కడుంటుంది? మిషను మొరాయించేది. విసిగి విసిగి శాంతకుమార్ ఒక చిట్కా వేశాడు. పట్టికలో లేని పేరు ఏదొచ్చినా సరే, ఐఎన్ అని వేసెయ్యాలి. ఆ తరవాత మిషను ఒక్కసారి కూడా ఆగలేదు. మేనేజరు భుజం తట్టాడు. సైటు కాగితాలు చదివే పీడ అందరికీ వదిలింది.

“మా యత్త ఏటంటందో తెలుసా బాబూ? బొంబాయిలో దిగి అక్కడే ఎవుత్తినో ఉంచుకున్నాడంట. మా భుయ్యాడీ బస్తీ అంతా అదే మాట. కొళాయికాడ నన్ను సూసి నవ్వుతన్నారు.” ఆమె గొంతు తగ్గించింది. “మీ మిషను తప్పు సెప్పిందేమో, ఇంకోపాలి సూడవా?”

“మిషను తప్పు చెప్పదమ్మా.”

ఆ మాట అంటున్నప్పుడు అతనికి ఆమెను చూస్తే జాలేసింది. ఆదిబాబు మీద ఒళ్లు మండింది. దేశంలో దిగి మూడు నెలలైనా ఒక్క కార్డు ముక్క రాయలేదా పెళ్లానికి! ఇలాంటివాణ్ణి చెప్పుతో కొట్టినా పాపం లేదనుకున్నాడు.

“అయితే ఒక ఉత్తరం రాసిపెట్టు. అతగాడెక్కడున్నాడో మీకు తెలిసుంటాది.”

శాంతకుమార్ తెల్లకాగితం తీశాడు. “చెప్పండి.”

“సిగ్గు నేదా అని రాయి.”

రాశాడు.

“నీ మొకం నాకు సూపించకు అని రాయి.”

అదీ రాశాడు. సన్యాసమ్మ కాసేపు ఆ అక్షరాల వంకే చూసింది. చదువు రాని మనిషి, అయినా అవేవో తనను కరుస్తున్నట్టు చూసింది.

“కొట్టెయ్ బాబూ. రెండూ కొట్టెయ్. గుంట నడుత్తంది అని రాయి. నాన్నేడీ అంటే గోడ మీద ఫోటో సూపిత్తంది అని రాయి. బేగి వచ్చేయమను. ఎవులూ ఏటీ అనరు, నానూ అనను.”

“ఇంకేమన్నా రాయాలా?”

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. “ఆయమ్మి ఉంటే ఆయమ్మినీ తెచ్చేయమను. ఇంత గంజి దానికీ పోత్తాను. మడిసి వత్తే సాలు.”

శాంతకుమార్ కలం ఆగిపోయింది. ఆ చివరి మాట మెల్లగా రాశాడు. కవరు తీసి, “అడ్రసు?” అన్నాడు.

“అది తెలిత్తే నీకాడికెందుకొత్తాను?”

జాబితాలో కోడే గాని అడ్రసు ఉండదు. సైటు కాగితంలో ఉంటుంది. అతను లేచి పంచింగు గదిలోకి నడిచాడు.

“మార్తా, వెల్డర్ ఆదిబాబు కాగితం తియ్యి. అడ్రసు కావాలి.”

మార్తా బీరువాలోంచి కట్ట లాగి దుమ్ము దులిపింది. “ఇన్నాళ్లూ దీన్ని ఎవరూ అడగలేదే అన్నా! కొత్త కాగితం రాకపోతే పాత కార్డే ప్రతి నెలా మళ్లీ పెడతన్నాను.”

“ఏ ఊరని ఉందో నీకు గుర్తుందా?”

“చదివితే కదా గుర్తుండేది? చూసింది చూసినట్టు కొట్టమన్నారు, కొట్టేను.”

ఆమె కాగితం తీసి అతని చేతికిచ్చింది. అడ్రసు గడి ఖాళీగా ఉంది.

“దొరికిందా బాబూ?” కౌంటరు అవతలి నుంచి సన్యాసమ్మ ఆత్రంగా కేకేసింది. “ఏ ఊళ్లో ఉన్నాడంట?”

ఆదిబాబు పేరుకు ఎదురుగా, దేశం గడిలో, సైటు గుమస్తా నీలిసిరాతో గుండ్రంగా ఒకే ఒక్క మాట రాశాడు: ‘ఎక్స్‌పైర్డ్’.